చూసింది మేమే

బొబ్బిలి చుట్టుపక్కల పాముల్ని పెంచుకునే అలవాటు ఎన్నడూ లేదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. మా ఇళ్ళల్లో పెంచలేదు, అంతే. పాములోళ్ళ చేత పెంచించాం. వీధుల్లోకీ సంతల్లోకీ వచ్చిన వెదురు బుట్టల్లో ఆ తాచులు బతికింది మా కోసమే. మూత తియ్యమన్నది మేము, బూర ఊదమన్నది మేము, గుప్పెడు బియ్యమో పావలా డబ్బులో వేసి పిల్లల్ని ముందుకు తోసింది మేము. ఇప్పుడు బుట్టలు కనబడడం బాగా తగ్గింది కాబట్టి, ఆ పాపం పాములోళ్ళదనీ, ఆ రోజులే అలాంటివనీ చెప్పుకుని చేతులు దులుపుకుంటున్నాం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, చదువుకుని పట్నాల్లో ఉద్యోగాలు చేస్తున్న మా పిల్లల్లో కొందరికి పాముల మీద కొత్త మోజు పుట్టింది. ఫ్లాట్లో అద్దాల పెట్టె, అందులో బాల్ పైథాన్. ఆఫ్రికా జాతి, విషం లేదు, భయమేస్తే తల లోపలికి దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. "రోజూ చేతుల్లోకి తీసుకుంటే దానికి మంచిదంటారు కొందరు, వద్దంటారు కొందరు. పొద్దస్తమానం పెట్టెలో ఉంటే దానికి మాత్రం తోచొద్దా చిన్నాన్నా?" అని పండక్కి వచ్చిన కుర్రాడొకడు అడిగితే అరుగు మీదున్న పెద్దలందరం నవ్వేశాం. "పాముకి తోచకపోవడమేట్రా, నీకు పని లేక గానీ" అన్నారొకరు. ఆ ప్రశ్నలో నవ్వడానికేమీ లేదు. బుట్ట ముందు నిలబడ్డ రోజుల్లో మాలో ఒక్కరికైనా తట్టవలసిన ప్రశ్న అది. తట్టలేదు.

ఆ బుట్ట సంగతి కాస్త దగ్గర్నుంచి చెప్పాలి. గుండ్రటి వెదురు బుట్ట, లోతు తక్కువ, పైన మూత, దాని మీద పాత గుడ్డ బిగించి కట్టేవారు. నిండుగా పెరిగిన నాగుపాము మూడు నాలుగు అడుగులకు తగ్గదు, ఒక్కోసారి ఐదడుగులూ ఉంటుంది. అంత ఒళ్ళు ఆ బుట్టలో ఉండాలంటే ఒకటే దారి, చుట్ట. రాత్రీ పగలూ చుట్టే. ఒళ్ళు విప్పుకోవడమనేది మూత తీసినప్పుడు, జనం ముందు, ఎర్రటి ఎండలో మాత్రమే. అప్పుడది పడగ విప్పేది, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. పడగ విప్పడం పాముకి ఆట కాదని, బెదిరినప్పుడు తనను పెద్దగా చూపించుకునే ఎత్తు అని ఏడో తరగతి పిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. బూర కొస ఎటు కదిలితే తల అటు తిప్పేది దెబ్బ ఎటునుంచి పడుతుందోనని. మేం దాన్ని నాట్యం అనుకున్నాం. సినిమా పాటలు కూడా ఆ నాట్యానికే కట్టుకున్నాం.

కొన్ని పాముల కళ్ళు పాలు పట్టినట్టు మసకగా ఉండేవి. ముసలి పాము, మహిమ గలది అని గుసగుసలాడుకునేవాళ్ళం. అసలు సంగతి వేరు. పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి ఒక పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడి కొత్తది రావాలి. ఆ అదనులో కొన్నాళ్ళు కన్ను మసకబారడం సహజమే. కానీ తేమ లేకపోయినా, ఒళ్ళు రాసుకోవడానికి రాయో వేరో దొరక్కపోయినా కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటి పొర అలాగే ఉండిపోతుంది. తర్వాతి కుబుసానికి దాని మీద ఇంకో పొర. బుట్టలో రాయి లేదు, వేరు లేదు, నీటి చెమ్మ లేదు. ఆ మసక కన్నుకి మేం దణ్ణం పెట్టుకున్నాం.

కోరలు పీకడం గురించి తెలియదని మాత్రం ఎవరమూ అనలేం. తెలుసు. "కోరలు తీసేసిందేనా?" అని అడిగి, అవునన్నాకే పిల్లాడి చెయ్యి ముట్టించేవాళ్ళం. పీకిన కోరల స్థానంలో మళ్ళీ కొత్తవి వస్తాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ పీకాలి. కొన్నిటికి విషగ్రంథులు చిదిమేవారు, కొన్నిటికి మూతి కుట్టేసేవారు. ఆ నోటికి చీము పట్టేది. తిండి దిగేది కాదు. అలాంటి పాము నెలల్లోనే పోతుంది. అంటే ఈ ఏడు వచ్చిన పాము నిరుడు వచ్చింది కాదు. ఏటా అదే మనిషి, అదే బుట్ట, వేరే పాము. నిరుటి పాము ఏమైందని మా వీధిలో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

పాల విషయం కొత్తగా చెప్పేదేమీ లేదు. ముందు కొన్నాళ్ళు నీళ్ళు మాన్పిస్తే దాహానికి పాము ఏ తడినైనా తాగుతుంది, పాలు దానికి అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతే చస్తుంది. పాము పాలు తాగదని బళ్ళో నోట్సు రాయించిన మాస్టార్లు కూడా మాలోనే ఉన్నారు, నాగుల చవితినాడు పుట్ట దగ్గర వరసలో మా ముందే ఉన్నారు. వందలిళ్ళ పాలు, గుడ్లు, చలిమిడి, పసుపు కుంకుమలు, దీపావళికి కాల్చగా చవితికని దాచుకున్న టపాకాయలు, అన్నీ ఒక్క చెదపుట్ట మీద. లోపల పామనేది ఉంటే దానికది ఏ పండగో ఊహించుకోవచ్చు. భక్తిని తప్పు పట్టడం లేదు. ఒక ప్రాణిని దేవుడన్నాక, ఆ ప్రాణి ఏం తింటుందో, దేనికి భయపడుతుందో, ఎక్కడ దాక్కుంటుందో తెలుసుకోవాలన్న కనీసపు కుతూహలం మాకు లేకపోయిందే అన్నదొక్కటే నా బాధ.

ఇక కుర్రాడి ప్రశ్న. ఎత్తుకోవాలా వద్దా, దానికి తోచుబాటు కావాలా వద్దా?

పాము కుక్కపిల్ల కాదు. మన ఒళ్ళో పడుకున్నంత మాత్రాన మనమంటే ఇష్టమని కాదు, మన ఒళ్ళు వెచ్చగా ఉంది, అంతే. సొంతంగా ఒంటి వేడి పుట్టించుకోలేని ప్రాణి వెచ్చదనం ఎక్కడుంటే అక్కడికి పోతుంది. మెల్లగా అలవాటు చేస్తే చేతిని చూసి బెదరడం తగ్గుతుంది, పశువైద్యుడికి చూపించాలన్నా పెట్టె శుభ్రం చెయ్యాలన్నా ఆ అలవాటు పనికొస్తుంది. తిన్న రెండు రోజుల దాకా ఎత్తుకుంటే కక్కెయ్యొచ్చు. కళ్ళు మసకేసి కుబుసానికి సిద్ధంగా ఉన్నప్పుడు ముట్టుకుంటే చిరాకు పడుతుంది. ఇంతకు మించి చేతుల్లోకి తీసుకోవడం పాముకి అవసరమని చెప్పగల ఆధారం నాకెక్కడా కనబడలేదు. ఎత్తుకోవాలన్నది మన సరదా. ఆ సంగతి ఒప్పుకుని ఎత్తుకునేవాడితో నాకు పేచీ లేదు. పాము కోసమే ఎత్తుకుంటున్నానంటే మాత్రం, పాము కోసమే బూర ఊదుతున్నానన్నట్టే ఉంటుంది.

1993లో అచ్చైన ఒక అమెరికన్ పరిశోధన మా బుట్టను తలుచుకుని చేసినట్టుంటుంది. బాల్ పైథాన్లను కొన్నిటిని మెత్తగా చేతుల్లో పట్టుకున్నారు, కొన్నిటిని గట్టిగా అదిమి పట్టారు, కొన్నిటిని ఇరుకు డబ్బాలో ఉంచారు. ఒత్తిడి హార్మోను స్పష్టంగా పెరిగింది డబ్బాలో ఉన్నవాటికి. చెయ్యి కన్నా ఇరుకే దానికి ఎక్కువ బాధన్నమాట. బుట్ట దగ్గర మేం బెంగపడింది చెయ్యి గురించి, అది కూడా మా చెయ్యి గురించి.

తోచుబాటు మాటకొస్తే, నవ్విన పెద్దలందరం ఓడిపోయాం. అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హోల్ట్జ్‌మన్ 1999లో కార్న్ స్నేక్‌లను ఒక తొట్టెలో వదిలాడు. తొట్టెకి చాలా కన్నాలు, దూరి దాక్కోవడానికి వీలున్నది ఒక్కటే. రోజులు గడిచేకొద్దీ పాములు ఆ కన్నాన్ని తొందరగా పట్టేశాయి, గోడ మీద పెట్టిన గుర్తుల్ని కూడా వాడుకున్నాయి. అంటే దానికి చోటు గుర్తుంటుంది, దారి నేర్చుకుంటుంది. టెనెసీలో గోర్డన్ బర్గార్ట్, ఆయన విద్యార్థి కలిసి 2006లో జెర్రిపోతుల్లాంటి అమెరికన్ ర్యాట్ స్నేక్‌ల మీద పని చేశారు. కొన్నిటికి బోసి పెట్టెలు, కొన్నిటికి ఎక్కడానికి కొమ్మలు, దూరడానికి చాటు, ఒళ్ళు దూర్చుకునే పొడి. రెండో రకం పాములు కొత్త చోట తొందరగా కుదురుకున్నాయి, పెట్టిన పరీక్షల్లో తొందరగా దారి కనుక్కున్నాయి. ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో చూపించింది ఇంకా సులువైన సంగతి: ఇరుకు పెట్టె, ఒళ్ళంతా సాగదీసుకునేంత పెద్ద పెట్టె రెండూ అందుబాటులో పెడితే కార్న్ స్నేక్‌లు పెద్దదాని వైపే మొగ్గాయి. పాము చుట్టచుట్టుకునే ఉంటుంది, దానికి చోటెందుకు అని ప్రపంచమంతటా పాముల వ్యాపారులు చెప్పే మాటను 2019లో మరో పరిశోధక బృందం తేల్చి చూసింది. గంటసేపు గమనిస్తే, మూడో వంతుకు పైగా పాములు ఏదో ఒక క్షణంలో ఒళ్ళు తిన్నగా, లేదా దాదాపు తిన్నగా చాపాయి.

ఇవన్నీ చదివాక నాకు కళ్ళముందు కదిలింది శాస్త్రవేత్తలు కాదు, అద్దాల పెట్టెల్లో పాముల ముక్కులు. మూలమూలకీ ముక్కు రాసి రాసి, మూతి కొసన పొలుసు లేచిపోయి, ఎర్రగా పచ్చిపుండు పడుతుంది. పాముల్ని చూసే పశువైద్యులకి అది బాగా తెలిసిన లక్షణం. తిన్న ఎలక అరుగుతోంది, ఒంటికి వేడి అందుతోంది, బరువు తగ్గలేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా అది బయటికి దారి వెతుకుతోంది. తోచకపోవడం అంటే పాము విషయంలో అదేనేమో అనుకుంటాను. ఆ పెట్టెలో రెండు చాట్లు, ఒక చివర వెచ్చగా ఒక చివర చల్లగా, ఎక్కడానికి కొమ్మ, మునగడానికి నీళ్ళు, అప్పుడప్పుడూ కొత్త వాసనతో ఎండుటాకులు పెడితే దాని నాలుకకి పని దొరుకుతుంది. నాలుక చాచి గాలిలోంచి తెచ్చుకున్న వాసనల్ని అంగిట్లో ఉన్న జాకబ్‌సన్ అవయవానికి అందించి లోకాన్ని తెలుసుకునే ప్రాణి అది. నాలుకకి కొత్త కబురు లేని చోట ఉంచడమంటే దాని లోకాన్ని మూసెయ్యడమే. ఇదంతా బోలెడు ఖర్చు కాదు. కుర్రాడికి ఇదే చెప్పాను. పామునే తెచ్చుకోకుండా ఉంటే ఇంకా మంచిదని కూడా చెప్పాను. బ్యాంకాక్ విమానాల్లో పెట్టెల్లో కుక్కి తెచ్చిన బాల్ పైథాన్లు చెన్నై విమానాశ్రయంలో పట్టుబడ్డ వార్తలు వాడూ చదివాడు. విదేశీ జాతుల్ని ఉంచుకున్నవాళ్ళు పరివేష్ పోర్టల్లో నమోదు చేయించుకోవాలని 2024లో కేంద్రం నియమాలు తెచ్చింది. మన నేల పాముల్నయితే పెంచుకోనే కూడదు.

బూర సంగతి ఒకటి మిగిలింది. వీణ చేసే ఊరు మాది. గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి నాదం పుట్టిస్తారు. కాబట్టి పాము నాదానికి లొంగుతుందన్న కథ మాకు అందరికన్నా తియ్యగా వినబడింది. తర్వాత చదువుకున్నవాళ్ళం పాముకి చెవుల్లేవు, అది చెవిటిదని ఎగతాళి చేశాం. ఆ మాటా పూర్తి నిజం కాదు. పైకి చెవి లేదు గానీ లోపలి చెవి ఉంది, దవడ ఎముక గుండా నేల అదురు దానికి చేరుతుంది. 2023లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు గాలిలోంచి వచ్చే శబ్దానికి కూడా పాములు స్పందిస్తాయని చూపించారు. ఒక జాతి కొండచిలువ శబ్దం వైపు కదిలింది, చాలా జాతులు శబ్దానికి దూరంగా జరిగాయి. జరగడానికి బుట్టలో చోటెక్కడిది? విశాఖ జూలో అద్దం మీద వేలి కణుపులతో టకటకా కొట్టి "కదల్దేటి" అని విసుక్కునే మా అలవాటుకీ ఇదే లెక్క వర్తిస్తుంది.

బుట్ట పోయి ఫోను వచ్చింది. పాము మాత్రం అదే. ఊళ్ళో ఎవరింట్లో పాము దూరినా ఇప్పుడు పట్టేవాళ్ళకి ఫోను చేస్తున్నాం, కర్ర తియ్యడం లేదు, ఇది నిజంగా మంచి మార్పు. చిక్కల్లా పట్టాక. తోక పట్టి వేలాడదీసి పడగ విప్పించాలి, వీడియో అయ్యేదాకా వదలకూడదు, ఇంకో వీధి వాళ్ళు కూడా చూడాలి. లైకులు కొట్టేది మేమే కాబట్టి ఆ కుర్రాళ్ళని తప్పు పట్టే అర్హత మాకు లేదు. 2023 జనవరిలో కందుకూరులో పాములాయన దగ్గరి నాగుపామును మెడలో వేసుకుని ఫొటో దిగిన యువకుడు కాటుకి చనిపోయాడు. 2024 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లా దేశాయిపేటలో నాగుపాము తలను నోట పెట్టుకుని వీడియో తీయించుకున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు పోయాడు. ఆ వీడియోలు కూడా చూశాం, ముందుకి పంపాం.

పట్టిన పామును దూరంగా ఏ కొండకో తీసుకెళ్ళి వదిలితే పుణ్యమని మరో నమ్మకం. కర్ణాటకలోని ఆగుంబెలో గిరినాగులకి రేడియో ట్రాన్స్‌మిటర్లు పెట్టి చూస్తే, దూరం తీసుకెళ్ళి వదిలింది తన చోటున ఉన్నదాని కన్నా చాలా ఎక్కువ దూరాలు తిరిగింది. తెలియని చోట నీళ్ళెక్కడో, చాటెక్కడో, ఎలకెక్కడో దానికి తెలియదు. మా తూర్పు కనుమల జీడితోటల్లో దొరికే గిరినాగుకీ ఆ బాధ తప్పదు.

ఒక మాట ఒప్పుకోవాలి. చీకటితోనే వేగావతి గట్టున చేల్లోకి దిగే కూలీని ఆపి పాముకి తోచుబాటు కావాలని చెబితే వినడు, వినక్కర్లేదు కూడా. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకి పోయినవాళ్ళు సుమారు 12 లక్షలని అంచనా. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర ఒకటి. ఆ మనిషికి కావలసింది టార్చిలైటు, మోకాళ్ళ దాకా బూట్లు, పీహెచ్‌సీలో విషానికి విరుగుడు మందు. నా నింద అతని మీద కాదు. నీడపట్టున అరుగు మీద కూర్చుని చూసినవాళ్ళ మీద, అంటే మా మీద.

పాములోళ్ళ విషయంలో మేం చేసింది మరీ దారుణం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022 సవరణతో నాగుపాము, జెర్రిపోతు ఒకటో షెడ్యూలుకెక్కాయి. చట్టం మంచిదే. బుట్టలు పోవలసిందే. కానీ బుట్ట పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని ఆలోచించడం మా పని కాదనుకున్నాం. పక్కనే తమిళనాడులో, మద్రాసుకి దగ్గర్లో, 1978లో ఇరుళ తెగవాళ్ళు పాములు పట్టే సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల తోలు వ్యాపారం నిషేధంతో పోయింది, వాళ్ళ చేతుల్లో విద్య మిగిలింది. లైసెన్సుతో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, కొన్ని వారాలు కుండల్లో ఉంచి, విడతలవారీగా విషం తీసి, గుర్తు పెట్టి మళ్ళీ వదిలేస్తారు. మా ఊరి ఆస్పత్రిలో ఎక్కించే మందుకి ముడిసరుకు చాలావరకు అక్కడి విషమే. ఆ కుండ కూడా పాముకి ఇరుకే, దాని మీద విమర్శలూ ఉన్నాయి. కాకపోతే దానికి గడువుంది.

అదే విద్య మా పాములోళ్ళ చేతుల్లోనూ ఉంది. ఏ గట్టున ఏ పాము ఉంటుందో, ఏ నెలలో బయటికొస్తుందో, పుట్ట మూతి చూసి లోపల ఉందో లేదో వాళ్ళు చెప్పగలరు. పంచాయతీలో, మండల సభలో, ఓట్లడగడానికి వచ్చినవాళ్ళ ముందు మేం రోడ్లడిగాం, పింఛన్లడిగాం. ఈ మనుషులకి పాములు పట్టే పనికి గుర్తింపు కార్డు, జీతం, శిక్షణ ఇప్పించమని అడగలేదు. కొందరు పిల్లలు ఇటుక బట్టీలకి పోయారు. కొందరు ఇప్పటికీ చవితికి దొంగచాటుగా బుట్ట పట్టుకొస్తారు, అటవీశాఖ వాళ్ళు వస్తే సందుల్లోకి పరుగెత్తుతారు. మూత తియ్యమని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కాబట్టే వాళ్ళు వస్తున్నారు.